రత్నమాణిక్యంగారి గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. మూత కూడా నేనే. మూతను వేరే వస్తువుగా లెక్కపెట్టేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. మరీ పెద్దదాన్ని కాదు, మరీ చిన్నదాన్నీ కాదు. నలుగురు తినే కూర నాలో హాయిగా పడుతుంది. నా పొట్టమీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి: నిడమర్తి రత్నమాణిక్యం, 21-2-91. మూతమీదా అదే పేరు. ముందే చెప్పేస్తున్నాను, నా కథలో రత్నమాణిక్యంగారు ఎక్కువసేపు కనిపించరు. ఆవిడ దగ్గర నేనున్నది పదకొండు రోజులే.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. స్టీలు రేకును గుండ్రంగా కోసి, ప్రెస్సు కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దారు. అంతే, పుట్టేశాను. అంచులు తిప్పి, మెరుగు పెట్టి, లారీ ఎక్కించి నిడదవోలు పంపారు. అక్కడి స్టీలు సామాన్ల కొట్టులో రత్నమాణిక్యంగారు నన్ను చేతిలోకి తీసుకుని, వేలి ఉంగరంతో టంగుమని కొట్టి చూశారు. నేను బాగానే మోగాను. కొట్టు మెట్లమీద పేర్లు చెక్కే మనిషి చిన్న మిషను పెట్టుకుని కూర్చునేవాడు. అతను గుర్రుమంటూ ఆవిడ పేరును నా పొట్టలోకి దించుతుంటే చక్కిలిగింతలతో ప్రాణం పోయిందనుకోండి. పేరుంటే వస్తువు పోదని ఆవిడ నమ్మకం. ఆ ఇంట్లో అట్లకాడమీద కూడా ఆవిడ పేరుండేది. పేరు లేనిది ఒక్క వాళ్లాయనమీదే.

పన్నెండో రోజు ఆవిడ నాలో మామిడికాయ పప్పు పోసి, పక్కవాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి భార్యకు పంపారు. ఆమె ఎంతో మంచి మనిషి. పప్పు తిని, నన్ను శుభ్రంగా తోమి, గూట్లో పెట్టింది. వెంటనే తిరిగి ఇచ్చేయొచ్చు కదా అని మీరంటారు. ఎలా ఇస్తారండీ? మన వైపు పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపడం మర్యాద కాదు. ఏదో ఒకటి వేసి పంపాలి. ఏదో ఒకటి అంటే నిజంగా ఏదో ఒకటి పనికిరాదు, వాళ్లు పంపినదానికి తగ్గట్టుండాలి. ఆదివారం గారెలు వండుతాను కదా, అప్పుడు పంపుతాను అనుకుంది ఆమె. ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. పై ఆదివారానికి మినప్పప్పు నానబెట్టడం మరిచిపోయింది. ఆ పైవారం ఆయనకు తాడేపల్లిగూడెం బదిలీ అయింది. సామాన్లతోపాటు నేనూ వెళ్లిపోయాను. ఇందులో దొంగతనం ఎక్కడైనా ఉందా? మంచీ మర్యాదా తప్ప మరేమీ లేవు.

తాడేపల్లిగూడెంలో చాలా ఏళ్లు ఉన్నాక, కొబ్బరి లౌజుతో ఇంకో ఇంటికి వెళ్లాను. ఆ ఇంటినుంచి సున్నుండలతో తణుకు వచ్చాను. ఎక్కడికెళ్లినా ఇదే కథ. ప్రతి ఇల్లాలూ నామీది పేరు చదివి ఒకసారి నొచ్చుకుంది. "అయ్యో, ఎవరిదో పాపం, ఇచ్చెయ్యాలి" అంది. అని, నన్ను తోమి బోర్లించింది.

తణుకులో నాకు దొరికిన ఇల్లాలు సుభాషిణి. పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేది. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, మతిమరుపు ఆ రెంటికంటే పెద్దది. సున్నుండలిచ్చిన పార్వతిగారు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఏడాదికి కూడా "ఒసేయ్ లిఖితా, ఆ పార్వతిగారి గిన్నె పార్వతిగారికి ఇచ్చెయ్యాలే" అని కూతురికి చెబుతూనే ఉండేది. లిఖిత అప్పుడు ఆరో తరగతి. డాక్టరు కావాలని అప్పటినుంచే దాని పట్టుదల. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా నామీద చెవి ఆనించి గుండె చప్పుడు వినే పద్ధతిలో వైద్యం చేసేది. నా అడుగుభాగం రోగి ఛాతీమీద చల్లగా తగిలేది. ఆ విధంగా లిఖిత వాడిన మొదటి వైద్య పరికరాన్ని నేనే. ఈ సంగతి ఆమె ఎక్కడా రాసుకోకపోయినా నేను మరిచిపోలేదు.

ఇంటరయ్యాక రెండుసార్లు మెడిసిన్ పరీక్ష రాసినా ఇక్కడ సీటు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. చివరకు జార్జియా దేశంలో, టిబిలిసి అనే ఊళ్లో డాక్టరు చదువుకు సీటొచ్చింది. పెట్టె సర్దేటప్పుడు సుభాషిణి తన మంచి గిన్నెలు నాలుగు ముందు పెట్టింది, తర్వాత తీసేసింది.

"ఇయ్యి మనవే. అక్కడ పోతే మళ్లీ వస్తాయా?" అంటూ గూట్లోకి చూసి నన్ను లాగింది. "ఇదెట్టుకో. మనది కాదు కాబట్టి పోయినా బాధుండదు." వేలు చూపించి మరీ చెప్పింది. "కానీ జాగ్రత్తే! పరాయివాళ్ల గిన్నె. ఎప్పటికైనా ఇచ్చెయ్యాలి."

ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి, ఒకే ఊపిరిలో వచ్చాయి. మనుషుల్లో నాకు బాగా నచ్చే గుణం ఇదే. నాలో కరివేపాకు కారం కూరి, మూతచుట్టూ టేపు వేసి, లిఖిత చుడీదార్ల మధ్య పడుకోబెట్టింది. అలా నిడదవోలు గిన్నెనైన నేను విమానం ఎక్కాను.

టిబిలిసిలో మాది పాతకాలపు బిల్డింగులో ఎనిమిదో అంతస్తు. నాణెం వేస్తేగాని కదలని లిఫ్టు. లిఖితతో గది పంచుకున్న అమ్మాయి పేరు ప్రిస్కిల్లా, నరసాపురం పిల్ల. ప్రపంచం తలకిందులైనా ముందు అన్నం తిని తర్వాత కంగారుపడే రకం. మా తలుపుకు ఎదురు తలుపు లమారా అనే ముసలావిడది. తెల్లటి జుట్టు, నల్లటి గౌను, మోకాళ్ల నొప్పులు. ఆవిడ మమ్మల్ని చూస్తే తల ఊపేది, మావాళ్లు తిరిగి తల ఊపేవాళ్లు. మొదటి రెండు నెలలూ రెండు దేశాల మధ్య జరిగిన సంభాషణ ఇంతే.

ఇంటిమీద బెంగ అంటే అమ్మ గుర్తొచ్చి ఏడవడమని నేను అనుకునేదాన్ని. లిఖితను చూశాక తెలిసింది, అది వేరే సరుకని. అమ్మ ఫోన్లో దొరుకుతుంది. రోజుకు మూడుసార్లు, వద్దన్నా దొరుకుతుంది. ఫోన్లో దొరకనివి వేరే ఉన్నాయి. అరికాలి కింద చల్లటి గచ్చు. బాత్‌రూంలో బకెట్టూ చెంబూ. పక్కింటి కుక్కరు కూతలు, పొద్దున్నే ఆకుకూరలావిడ కేక. నాలుక చివర పుల్లగా తగిలేదేదో. వీటన్నిటికీ మించి ఫ్యాను.

అవును, ఫ్యానే. తణుకులో లిఖిత మంచంపైన ఒక ముసలి ఫ్యాను ఉండేది. చలికాలమైనా, దుప్పటి ముసుగుతన్ని పడుకున్నా అది తిరగాల్సిందే. టకటకమని మోగుతూ, మధ్యలో చిన్నగా మూలుగుతూ తిరిగేది. పుట్టినప్పటినుంచీ ఆ చప్పుడులోనే నిద్రపోయిన పిల్లకు ఇక్కడ గదిలో ఫ్యానే లేదు. గోడకు వేడి గొట్టాలు, కిటికీకి రెండేసి అద్దాలు, చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లిఖితకు కన్ను అంటుకునేది కాదు. ఫోన్లో ఫ్యాను చప్పుడు పెట్టుకుని చూసింది. గాలి లేకపోయినా సర్దుకునేదేమోగాని, సరిగ్గా కునుకు పట్టే సమయానికి చప్పుడు ఆగి, ఎవడో పళ్లపేస్టు కొనమని అరిచేవాడు.

నిద్ర లేక క్లాసులో జోగింది. జోగి జోగి అనాటమీ టెస్టు తప్పింది. టెస్టు పోయిందని సిగ్గేసి మర్నాడు వెళ్లలేదు, వెళ్లలేదని సిగ్గేసి ఆ మర్నాడూ వెళ్లలేదు. అమ్మకు చదువు కష్టంగా ఉందని చెప్పింది. ప్రిస్కిల్లాకు చలి పడటం లేదని చెప్పింది. నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెద్ద కష్టాలను మనుషులు ఊరంతా చెప్పుకుంటారు. ఇలాంటి చిన్నవాటికే నోరు రాదు. అంత డబ్బు పోసి, అంత దూరం వచ్చి, రేపు జనం ప్రాణాలు కాపాడబోయే మనిషి, ఫ్యాను చప్పుడు లేక ఏడుస్తున్నానని ఎలా చెప్పుకుంటుంది? నాకు చెప్పింది. కరివేపాకు కారం అయిపోయిన రోజు నన్ను తోముతూ, సబ్బు నురుగులోకి రెండు కన్నీటి చుక్కలు రాల్చి, "ఫ్యానుంటే బాగుండునే" అంది. నేను గిన్నెను. ఏం చెయ్యగలను?

నవంబరులో ఒక ఆదివారం మిగిలిన చింతపండంతా పిండేసి లిఖిత పులిహోర కలిపింది. పోపు వేయగానే ఇంగువ వాసన తలుపు కింది సందులోంచి బయటికి నడిచి, ఎదురింటి తలుపు తట్టింది. రెండు నిమిషాల్లో మా తలుపు మోగింది. లమారా.

"అయిపోయాం. కంప్లయింటు ఇచ్చేత్తాది" అంది ప్రిస్కిల్లా, నోట్లో ముద్ద ఉండగానే.

ఆవిడ కంప్లయింటు ఏమీ ఇవ్వలేదు. ముక్కు పైకెత్తి గట్టిగా వాసన పీల్చి, మూకుడువైపు వేలు చూపించింది. లిఖిత ఖాళీగా ఉన్న ఒక్కగానొక్క మూత గిన్నెను, అంటే నన్ను, పులిహోరతో నింపి చేతికిచ్చింది. ఎండుమిరపకాయలు పక్కన పెట్టెయ్యాలని ఎవరూ చెప్పకపోవడంతో ఆవిడ మొదట వాటినే కరకరా నమిలింది. ముఖం ఎర్రబడింది, కళ్లనీళ్లు కారాయి, రెండు గ్లాసుల నీళ్లు తాగింది. ఆ తర్వాత నన్ను అడుగుదాకా ఊడ్చేసింది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఇంకో గూడు, ఇంకో బోర్లింపు, ఈసారి భాష కూడా రాని ఊళ్లో అనుకున్నాను.

నా అంచనా తప్పింది. మూడో రోజు ఆవిడ నన్ను నిండుగా తెచ్చిచ్చింది. వంకాయలను నిలువుగా కోసి వేయించి, వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టి, పైన దానిమ్మ గింజలు చల్లింది. అంతటితో ఊరుకుంటే లెక్క సరిపోయేది. నా మూత పట్టలేదని పైన నీలం పువ్వుల పింగాణీ ప్లేటు ఒకటి బోర్లించి తెచ్చింది. ఆ ప్లేటు ఆవిడది.

"ప్లేటు ఖాళీగా ఎలా ఇస్తాం?" అంది లిఖిత.

"చేతులతో ఇత్తాం. ఇచ్చెయ్యే బాబూ, మనకి టెస్టులున్నాయి" అంది ప్రిస్కిల్లా.

తణుకుకు ఫోను వెళ్లింది. సుభాషిణి సంగతంతా విని, యుద్ధానికి వెళ్లే మనిషిలా కొంగు దోపుకుంది. "దానిమ్మ గింజలు సల్లిందా? అయితే మనవేం తక్కువ తిన్నామా! జీడిపప్పేసి సేమియా ఉప్మా సెయ్యి. నెయ్యి కనపడాలి." సేమియా ఉప్మా నాలో, నేను ప్లేటుమీద, ఆ విధంగా ఎదురింటికి వెళ్లాను. నాలుగు రోజులకు బీన్సు పులుసుతో నేనొచ్చాను, మొక్కజొన్న రొట్టెతో ప్లేటొచ్చింది. ఆ ముసలావిడ కూడా ఖాళీ గిన్నె తిప్పి పంపని రకమేనని అప్పుడు అర్థమైంది. ఇలాంటి ఇద్దరు ఎదురెదురుగా పడితే ఇక ఆపేవాళ్లుండరు. ఒకసారి ఆవిడ పుల్లటి రేగుపళ్ల పచ్చడిలాంటిదేదో పంపింది. లిఖిత వేలితో నాకి, కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయింది. చింతపండు కాదు, గోంగూర కాదు. అయినా నాలుక గుర్తుపట్టింది. ఆ పూట పప్పులో అదే కలుపుకుని రెండుసార్లు పెట్టుకుంది.

ఈ రాకపోకల్లో నేను మాత్రం మహా సంతోషంగా ఉన్నాను. ఇరవయ్యారేళ్లుగా గూళ్లలో బోర్లాపడి ఉన్నదాన్ని, రోజు విడిచి రోజు నిండుతున్నాను. లిఖితకు లమారా తన భాష నేర్పింది, అవ్వను బెబో అంటారని చెప్పింది. లిఖిత అనే పేరు ఆవిడ నోటికి పొడుగై లికా అని కుదించింది. కానీ ఇవన్నీ పగటి ముచ్చట్లు. నిద్రపట్టని పిల్లకు ఎన్ని రుచులు తినిపిస్తే మాత్రం ఏం లాభం? డిసెంబరుకల్లా కళ్లకింద నల్లగా వలయాలొచ్చాయి. పెద్ద పరీక్ష సోమవారమనగా, ఆ ముందు శుక్రవారానికి ఇంటికి టిక్కెట్టు తీసేసుకుంది. వెళ్తే మళ్లీ రాదు. ఆరో తరగతి నుంచి మోసుకొచ్చిన కోరికను ఎనిమిదో అంతస్తులో వదిలేసి వెళ్లిపోతోంది. సుభాషిణి తిట్టలేదు, "రా తల్లీ, వచ్చేయ్" అంది. ఫోను పెట్టేశాక ఆవిడ ఏం చేసిందో నేను చూడలేదుగాని ఊహించగలను.

ఆ బుధవారం నేను లమారా ఇంట్లో ఉన్నాను, కడిగి ఆరబెట్టాక, ఖాళీగా గూట్లో. మధ్యాహ్నం లిఖిత వచ్చింది, వెనకాలే ప్రిస్కిల్లా. లిఖిత చేతిలో నీలం పువ్వుల ప్లేటుంది. ప్లేటులో ఏమీ లేదు. లమారా ప్లేటు అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. నెల రోజుల్లో అది ఖాళీగా రావడం అదే మొదటిసారి.

"శుక్రవారం నేను ఇంటికి. మళ్లీ రాను. గిన్నె ఇవ్వండి బెబో" అంది లిఖిత, వచ్చీరాని వాళ్ల భాషలో.

లమారా నన్ను దించి, మూత తీసి, లోపల చూపించింది. "ఖాళీ. ఇవ్వను."

"పర్వాలేదు. ఖాళీగానే ఇవ్వండి."

"ఖాళీ గిన్నె నా గడప దాటదు. ఆదివారం వండుతాను. ఆదివారం తీసుకో."

"ఆదివారానికి నేనుండను బెబో!"

"అయితే గిన్నె ఉంటుంది" అంది ముసలావిడ, నన్ను రెండు చేతులతో పొట్టకు హత్తుకుని.

సరిగ్గా అప్పుడే లిఖిత ఫోను మోగింది. సుభాషిణి తెరమీదికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పట్లాగే ఉంది. "అన్నీ సర్దేవా? గిన్నెట్టేవా?"

"ఈవిడ ఇవ్వట్లేదమ్మా."

"ఇవ్వకపోవడమేంటే! అది మనది కాదే! రేపు వాళ్లొచ్చి మా గిన్నేదండీ అంటే నా మొహం ఎక్కడెట్టుకోను?" ఇరవయ్యారేళ్లలో నన్ను అడుగుతూ ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కలేదని మనవి. "ఇదిగో చెప్తున్నా. గిన్నె తీసుకుని రా. లేపోతే రాకు!"

ఆ చివరి మాట నోరు జారి వచ్చిందో, నెల రోజులుగా గొంతులో ఆపుకున్న మాటే గిన్నె వంకతో బయటపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. లిఖిత అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేసింది. ప్రిస్కిల్లా ఫోను అందుకుని "నేను చూసుకుంటానండి ఆంటీ, మీరేం కంగారుపడకండి" అని పెట్టేసింది.

లమారా మోకాళ్లు పట్టుకుని మెల్లగా లిఖిత పక్కన నేలమీదే కూర్చుంది. నన్ను ఒళ్లోంచి దించలేదు. ఆవిడ చెప్పింది కొంత లిఖితకు అర్థమైంది, మిగిలింది ప్రిస్కిల్లా ఫోను తర్జుమా చేసి చెప్పింది. ఆవిడ కూతురు ఏకా ఇటలీలో ఉంటుంది. ఎవరి ఇళ్లలోనో ముసలివాళ్లను చూసుకునే పని. వెళ్లిన కొత్తలో రోజూ ఫోన్లో ఏడ్చేది. నా కోసం ఏడుస్తోందని నేను మురిసిపోయాను, అంది లమారా. ఆర్నెల్ల తర్వాత అసలు సంగతి చెప్పింది. రొట్టె కోసమట! మట్టి పొయ్యి గోడకు అతికించి కాలుస్తారే, ఆ రొట్టె. అది లేక అన్నం సయించలేదట. అమ్మా, సిగ్గేసి చెప్పలేదు అంది.

ఆవిడ లిఖిత గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "చెప్పు లికా. నీ రొట్టె ఏది?"

లిఖిత తల వంచుకుని నావైపు చూస్తూ చెప్పింది. "ఫ్యాను."

లమారా ఆ మాటను ఫోనుచేత రెండుసార్లు చెప్పించుకుంది. ఒకసారి కిటికీవైపు చూసింది. బయట మంచు పడుతోంది.

"ఫ్యానా?" అంది ప్రిస్కిల్లా. "ఒసేయ్, రెండు రగ్గులు కప్పుకుని పడుకుంటన్నావు! నీకు ఫ్యానేంటే!"

"చప్పుడు కావాలే. దాని చప్పుడు లేకపోతే నాకు నిద్ర రాదు."

ప్రిస్కిల్లా పగలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ తనూ కళ్లు తుడుచుకుంది. లమారా మాత్రం నవ్వలేదు. నన్ను నేలమీద పెట్టి, లేచి, బాల్కనీలోకి వెళ్లింది. అక్కడేవో డబ్బాలు పడిన చప్పుడు, ఆవిడ ఎవరినో తిట్టిన చప్పుడు. చివరకు ఒక టేబుల్ ఫ్యానును చంటిపిల్లలా ఎత్తుకొచ్చింది. తుప్పు పట్టిన ఊచలు, ఒక రెక్క కాస్త వంకర. దాన్ని గోడవైపు తిప్పి స్విచ్చి వేసింది. అది ముందు దగ్గింది. తర్వాత టకటకమంటూ, మధ్యలో చిన్నగా మూలుగుతూ తిరగడం మొదలుపెట్టింది. అచ్చం తణుకు ఫ్యానుకు పినతల్లి కూతురిలా ఉంది.

లిఖిత సోఫామీద ఒరిగింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మధ్యాహ్నం రెండింటికి పడుకున్న పిల్ల మర్నాడు పొద్దున ఎనిమిదింటికి లేచింది. లేవగానే "ఆకలి" అంది. లమారా గుడ్లు వేయించి పెడుతూ, ఊళ్లో అందరికీ వినపడేలా ఏదో పాడుకుంది.

ఆ మర్నాటి విమానం లిఖిత ఎక్కలేదు. టిక్కెట్టును మంగళవారానికి మార్చుకుంది. ఎవరడిగినా గిన్నె కోసమనే చెప్పింది. సోమవారం ఎలాగూ ఇక్కడే ఉన్నావు కదా అని ప్రిస్కిల్లా జబ్బ పట్టుకుని పరీక్షకు లాక్కెళ్లింది. మొదటి మూడు రోజులూ కంటినిండా నిద్రపోయి, మిగిలిన సమయంలో చదివిన చదువుకు అత్తెసరు మార్కులొచ్చాయి. అయినా పాసే. ఇక లమారా సంగతి వినండి. ఆదివారం వండుతానన్న మనిషి బీన్సు బాగాలేవంది. సోమవారం మోకాళ్లు నొప్పులంది. మంగళవారం గ్యాసు రావడం లేదంది, కాఫీ మాత్రం కాచుకుని తాగింది. నేను ఖాళీగా ఆవిడ గూట్లో కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నాను. మంగళవారం విమానం కూడా లిఖిత లేకుండానే ఎగిరిపోయింది. ఆ తర్వాత టిక్కెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. గురువారం పొద్దున ఆవిడ నన్ను నింపి తెచ్చిచ్చింది.

ఫ్యాను మా గదికి మారింది. మొదట్లో ప్రిస్కిల్లా చెవుల్లో దూది పెట్టుకుని రోజుకోసారి దాన్ని శపించేది. రెండో ఏడాది సెలవుల్లో నరసాపురం వెళ్లి వచ్చి, "మా ఇంట్లో ఫ్యాను సైలెంటుగా తిరిగేత్తందే, నిద్రట్టలేదు" అని చెప్పింది. ఆరేళ్లు నేను రెండు గుమ్మాల మధ్యా తిరిగాను. నాలో పడని వంట లేదు. సుభాషిణి చెప్పిన బెండకాయ పులుసూ, ఏకా ఇటలీనుంచి పంపిన మాకరోనీ కూడా పడ్డాయి.

చివరకు లిఖిత డాక్టరైంది. వెళ్లే రోజు వీడ్కోలుకు ఎదురింటికి వచ్చింది. నేను మళ్లీ లమారా గూట్లో ఉన్నాను, మళ్లీ ఖాళీగానే. మంచం పట్టి లేచిన ముసలావిడ ఆ వారమంతా ఏమీ వండలేదు. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు.

"ఖాళీగా ఇవ్వను" అంది లమారా.

"తెలుసు బెబో" అంది లిఖిత. ఈసారి అడగలేదు.

ఆవిడను కావలించుకుని, బుగ్గలమీద ముద్దులు పెట్టించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా లిఫ్టులో నాణెం వేసింది. నీలం పువ్వుల ప్లేటు అప్పటికే ఆమె పెట్టెలో ఉంది. ముందురోజు లమారా దాంట్లో ద్రాక్షరసం పూసిన వాల్‌నట్ దండలు పెట్టి పంపింది. దాన్ని ఖాళీగా తిరిగివ్వడానికి లిఖితకు మనసు రాలేదు, నింపి ఇవ్వడానికి టైము లేదు.

అలా నేనిక్కడ ఉండిపోయాను. రెండేళ్లయింది. ఎప్పుడైనా ఏకా వచ్చినప్పుడు నామీది అక్షరాలను వేలితో తడిమి, ఏం పువ్వులమ్మా ఇవి అని అడుగుతుంది. లిఖిత పేరు అని చెబుతుంది లమారా. నేను సరిదిద్దను. ఆవిడకు అలా అనుకోవడమే బాగుంటే నాకేం పోయింది?

లిఖిత తణుకు దగ్గర్లోనే ఆసుపత్రిలో చేరింది. ఆదివారాలు ఇక్కడ లమారా ఫోన్లో ఆమె కనిపిస్తుంది. పక్కన సుభాషిణి తల దూర్చి, నీలం పువ్వుల ప్లేటును కెమెరాకు అడ్డంగా పట్టుకుంటుంది. "మీ ప్లేటు నా దగ్గర భద్రంగా ఉందండీ! ఖాళీగా ఎలా పంపుతాం చెప్పండి. పూతరేకులు చేయించి పంపుతానండీ, ఈ నెలాఖరుకి!" ఆ నెలాఖరు రావడం లేదు. లమారా ఇటునుంచి నన్ను ఎత్తి చూపించి, తన భాషలో సరిగ్గా అదే మాట అంటుంది. లిఖిత మధ్యలో కూర్చుని ఎవరి మాటా ఎవరికీ తర్జుమా చేయకుండా నవ్వుతుంది. ఆమె వెనకాల తణుకు ఫ్యాను టకటకమంటూ ఉంటుంది.

రత్నమాణిక్యంగారూ, మీరెక్కడున్నా, నాకోసం ఇంకా గూళ్లు వెతుకుతుంటే ఇక ఆపేయండి. నేను పోలేదు. నన్ను ఎవరూ కాజెయ్యలేదు. ముప్ఫై నాలుగేళ్లుగా అందరూ నన్ను మీకు తిరిగి ఇవ్వాలనే చూస్తున్నారు. మీ మామిడికాయ పప్పుకు తగ్గట్టు నాలో ఏం వేసి పంపాలో తేలకనే ఆలస్యమవుతోంది.